హాజరుపట్టీ చెప్పని కారణాలు

పాఠశాల పాలనలో తలెత్తే సమస్యలకు అక్కడి ప్రధానోపాధ్యాయులు, ఉపాధ్యాయులే పరిష్కారం వెదికే పద్ధతిని చర్యాత్మక పరిశోధన అంటారు. కర్ట్ లెవిన్ 1946 నాటి వ్యాసంలో వివరించిన ఈ భావనను స్టీఫెన్ కోరీ 1953లో వెలువరించిన గ్రంథంలో పాఠశాలలకు అన్వయించారు.

ఉదాహరణకు, పత్తి తీతల కాలంలో ఒక తరగతిలో గైర్హాజరు పెరిగిందనుకుందాం. హాజరుపట్టీ సంఖ్యను మాత్రమే తెలుపుతుంది. కారణం ఇంటికి వెళ్ళి విచారిస్తేనే బయటపడుతుంది. కొందరు కూలికి పోతుండవచ్చు, మరికొందరు చంటిపిల్లలను చూసుకొనేందుకు ఇంటివద్దే ఆగిపోతుండవచ్చు. ఉభయుల తల్లిదండ్రులకూ ఒకే నోటీసు పంపడం వృథా ప్రయాస. కారణాన్ని బట్టి చర్య చేపట్టి, నెల తరువాత అదే పట్టీతో సరిచూడాలి. మార్పు రాకుంటే చర్యనే మార్చాలి. పేరు కొట్టివేయడం మాత్రం తగదు. విద్యాహక్కు చట్టం-2009లోని 16వ సెక్షన్ ప్రకారం ఎనిమిదో తరగతి పూర్తయ్యేవరకు ఏ విద్యార్థినీ పాఠశాల నుంచి తొలగించరాదు.