ముంతలో మందు

మా అమ్మకి డెబ్భయి నాలుగేళ్ళు. పదకొండేళ్ళుగా రోజుకి రెండు పూటలా ఇన్సులిన్ పొడుచుకుంటోంది.

మేము వుండేది మాణికేశ్వర్ నగర్‌లో, విశ్వవిద్యాలయం పక్క బస్తీ. మే నెలలో గాలివాన వచ్చిందంటే ముందు పోయేది కరెంటు. పోయిన యేడాది ఒక సాయంత్రం అలాగే పోయింది. అమ్మ మందు వెచ్చబడి పోతుందేమోనని నాకొకటే గాభరా. మంచుగడ్డల అర ఇంకా చల్లగానే వుంది గదా అని సీసాలు రెండూ అందులోకి మార్చి పడుకున్నాను. ఏ అర్ధరాత్రో కరెంటు వచ్చింది. తెల్లారి చూస్తే మందు గడ్డకట్టి వుంది.

కరిగితే మామూలే అనుకున్నాను. అరచేతుల మధ్య దొర్లించి కరిగించి ఇచ్చాను. మూడోనాటికి అమ్మకి నాలుక పిడచకట్టుకు పోతోంది. చక్కెర 400 దాటింది.

"ఎండ పాడుచేసేది మెల్లగా. మీరు ఒక్క రాత్రిలో పాడుచేశారు," అన్నారు డాక్టరుగారు, కొత్త సీసా చేతికిస్తూ. రెండు రోజులు ఆసుపత్రిలో కూర్చున్నాను. నన్ను అమ్మ ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

కూతవేటు దూరంలో తార్నాకలో పోషకాహార సంస్థ, ఆ పైన సి.సి.ఎం.బి. పెట్టుకుని తెలుగు పంతులు చెప్పవలసిన సంగతి కాదిది. అయినా చెబుతాను. ఇన్సులిన్ 51 అమైనో ఆమ్లాల పూసలు రెండు పేటలుగా గుచ్చిన దండ. 1921లో టొరంటోలో బాంటింగు, బెస్టు దీన్ని పట్టుకున్నారు. 1922 జనవరిలో పద్నాలుగేళ్ళ కుర్రవాడికి మొదటిసారి పొడిచారు. ఆ దండ మడతలోనే దాని గుణమంతా వుంది. గడ్డకడితే మడత చెడి ముద్దకడుతుంది. కరిగినా తిరిగి రాదు. చూపుకి తెలియకపోవచ్చు కూడాను. అందుకే గడ్డకట్టిన సీసాని పారవెయ్యడమే.

తెరవని సీసాలు 2 నుంచి 8 డిగ్రీల మధ్య వుండాలి. తెరిచినదానికి అంత పట్టింపు లేదు: 25, 30 డిగ్రీలు దాటనంతవరకు సాధారణంగా నాలుగు వారాలు బయట వుంచవచ్చు. కచ్చితమైన లెక్క అట్టపెట్టెలోని కాగితం చెబుతుంది. నేను ఆ కాగితం పదకొండేళ్ళలో ఒక్కసారి విప్పలేదు!

ఇప్పుడు మా వంటింటి మూల పెద్ద కుండ, అందులో తడి ఇసుక, ఇసుకలో మూతపెట్టిన చిన్న ముంత. నీరు ఆవిరవుతూ వేడిని లాక్కుపోతుంది. రిఫ్రిజరేటరు చలి రాదు గాని, బయటికన్నా కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. మన హైదరాబాదు పొడి ఎండలకి బాగా పనిచేస్తుంది. కాకినాడలో అక్కయ్యగారింట్లో, ఆ ఉక్కలో, అంతగా పనిచెయ్యలేదు. చెమటే ఆరనిచోట కుండ యెలా ఆరుతుంది?

ప్రయాణానికి ముంత చుట్టూ తడిగుడ్డ చాలు, గాలి తగిలేచోట, ఎండపొడ పడకుండా. విమానమైతే చేతిసంచీలోనే వుండాలి. అడుగున వేసే సామానులో గడ్డకట్టే భయం వుంది.

ఆ మధ్య కాకినాడ నుంచి రాత్రి రైల్లో వస్తున్నాం. ఒళ్ళో ముంతతో కూర్చున్న అమ్మని చూసి యెదుటి బల్లమీది కుర్రవాడు, "కాజాలా మామ్మగారూ?" అన్నాడు.

"కాదు నాయనా, కాజాలు మానలేనివాళ్ళ మందు," అంది అమ్మ, గుడ్డమీద కాసిని నీళ్ళు చిలకరిస్తూ.