తొలినాటి కారు బ్యాటరీలలో సెపరేటరు: పదార్థం, నిర్మాణం, పరిణామం

1. ఉపోద్ఘాతం:

సీసం-ఆమ్ల బ్యాటరీని గురించిన చర్చ సాధారణంగా పలకలకు, ఆమ్లానికి పరిమితమవుతుంది. ఆ పలకల నడుమ ఉండే పలుచని సెపరేటరు విద్యుత్తును పుట్టించదు. అయినప్పటికీ తొలినాటి కారు బ్యాటరీల మన్నిక చాలావరకు దానిపైనే ఆధారపడింది. ధన, ఋణ పలకలు ఒకదానినొకటి తాకి షార్ట్ సర్క్యూట్ ఏర్పడకుండా అది అడ్డుకోవాలి. ఆమ్లంలోని అయాన్లను మాత్రం సులువుగా పోనివ్వాలి. ఈ రెండు అవసరాల మధ్య సమన్వయమే సెపరేటరు చరిత్ర.

2. చారిత్రక నేపథ్యం:

1859లో గాస్టన్ ప్లాంటే రెండు సీసపు రేకులను, అవి తాకకుండా నడుమ వేరొక పదార్థాన్ని ఉంచి, చుట్టగా చుట్టాడు. 1881లో కామిల్ ఫోర్ రేకులపై సీసపు ఆక్సైడు ముద్దను పూసి, అది రాలిపోకుండా ఫెల్టును వాడాడు. 1912 నాటి కాడిలాక్ కారులో విద్యుత్ స్టార్టరు ప్రవేశించాక సెపరేటరు నిరోధం కీలకమయింది. ఉదాహరణకు, 0.002 ఓమ్‌ల అదనపు నిరోధం వల్ల 5 ఆంపియర్ల దీపాల వద్ద 0.01 వోల్టు మాత్రమే నష్టమవుతుంది. 200 ఆంపియర్ల స్టార్టరు వద్ద ఆ నష్టం 0.4 వోల్టుకు చేరుతుంది. 6 వోల్టుల బ్యాటరీకి ఇది ఉపేక్షించదగినది కాదు.

3. కొయ్య సెపరేటరు:

దేవదారు జాతి చెట్ల కొయ్యను పలుచని పలకలుగా కోసి వాడేవారు. శుద్ధిచేయని కొయ్య నుండి వెలువడే ఎసిటిక్ ఆమ్లం సీసాన్ని తినివేస్తుంది. అందువల్ల కొయ్యను ముందుగా క్షారద్రావణంతో శుద్ధిచేసేవారు. ఎండితే అది ముడుచుకొని పగులుతుంది గనుక తడిగానే నిల్వ ఉంచేవారు.

కొయ్యకు ఒకవైపు నిలువు గాళ్లు చెక్కి, ఆ వైపును ధన పలకకు అభిముఖంగా అమర్చేవారు. ధన పలకలోని లెడ్ డయాక్సైడు కొయ్యను ఆక్సీకరించి క్షీణింపజేస్తుంది. గాళ్ల వల్ల ఆ స్పర్శ తగ్గుతుంది. పైగా ఆ గాళ్లలో ఆమ్లానికి చోటు దొరుకుతుంది, వాయుబుడగలు పైకి పోతాయి, రాలిన పదార్థం అడుగుకు చేరుతుంది. కొన్ని బ్యాటరీలలో కొయ్యకు, ధన పలకకు మధ్య రంధ్రాలున్న రబ్బరు రేకును కూడా ఉంచేవారు.

4. రబ్బరు, ఊహించని లోపం:

కొయ్య క్షీణతకు పరిష్కారంగా రబ్బరు వచ్చింది. విల్లార్డ్ సంస్థ రబ్బరు రేకులో అడ్డంగా అసంఖ్యాకమైన నూలుపోగులను పొదిగింది. ఆ పోగులే ఆమ్లానికి దారులయ్యాయి. తడిగా ఉంచవలసిన అవసరం లేనందున బ్యాటరీని పొడిగా నిల్వచేసే వీలు కలిగింది. తరువాత సూక్ష్మరంధ్రాల రబ్బరు వాడుకలోకి వచ్చింది.

అయితే కొయ్యను తొలగించినపుడు ఋణ పలకల సామర్థ్యం త్వరగా క్షీణించింది. కొయ్య నుండి ఆమ్లంలోకి ఊరే లిగ్నిన్ సంబంధ పదార్థాలు, స్పంజి వంటి సీసం గట్టిపడి ముద్దకట్టకుండా అంతవరకూ కాపాడుతూ వచ్చాయని పరిశోధకులు గుర్తించారు. దానితో ఆ పదార్థాలను ఋణ పలక ముద్దలోనే కలపడం మొదలయింది.

5. ముగింపు:

సెపరేటరును కేవలం అడ్డుగోడగా భావించినంతకాలం కొయ్య చేసిన ఈ రెండో పని ఎవరి దృష్టికీ రాలేదు. నేటి కారు బ్యాటరీలలో పాలిఇథిలిన్ సెపరేటర్లు ఉన్నాయి, కొయ్య కనిపించదు. అయినా ఋణ పలకలో కలిపే లిగ్నోసల్ఫోనేట్ రూపంలో కొయ్య సారం అందులో ఇప్పటికీ నిలిచే ఉంది. ఒక భాగాన్ని మార్చేముందు అది చేస్తున్న పనులన్నిటినీ గుర్తించాలన్నది ఈ పరిణామం నిరూపించిన విషయం.