తీతుకి వద్దన్నాడు, తిమోతికి చేయించాడు

"కృప వల్లనే రక్షణ అంటారు కదా, మరి ఇంక ఎలా బతికినా పర్లేదా?" క్రైస్తవ ఫ్రెండ్స్ ఉన్న ఎవరైనా ఎప్పుడో ఒకసారి అడిగే ప్రశ్న ఇది. వెటకారంగా అడిగినా ప్రశ్న మంచిదే. దాదాపు రెండు వేల ఏళ్ల క్రితం పౌలుకీ ఇదే ఎదురైంది. రోమీయులకు రాసిన పత్రికలో తనే ఆ ప్రశ్న వేసి, కానే కాదని జవాబు చెప్పాడు. ఎందుకు కాదో అర్థం కావాలంటే ముందు రెండు మాటలు తెలియాలి.

మొదటిది ధర్మశాస్త్రం. తెలుగులో ఈ మాట వినగానే మనువు గుర్తొస్తాడు. బైబిల్లో మాత్రం ఇది మోషే ధర్మశాస్త్రం, అంటే యూదుల తోరా. పది ఆజ్ఞలు, విశ్రాంతి దినం, తినదగినవి, తినకూడనివి, మగపిల్లాడికి ఎనిమిదో రోజున సున్నతి, అన్నీ అందులోవే. యూదులకి అది శిక్ష కాదు, దేవుడిచ్చిన వరం. నిర్గమకాండంలో వరస చూడండి: ముందు ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదల, తర్వాతే సీనాయి కొండ దగ్గర ఆజ్ఞలు. ఆజ్ఞలు పాటించారు కాబట్టి విడుదల దొరకలేదు. అంటే రెండో మాటైన కృప, అర్హత చూడకుండా ఇచ్చేది, అక్కడే మొదలైంది.

మరి గొడవ ఎక్కడ? ఇప్పటి టర్కీలో ఉన్న గలతీయ ప్రాంతంలో యూదులు కానివాళ్లు చాలామంది క్రీస్తుని నమ్మారు. తర్వాత కొందరు బోధకులు వచ్చి, నమ్మితే సరిపోదు, సున్నతి కూడా చేయించుకోవాలి అన్నారు. ఇది విని పౌలు రాసిన ఉత్తరమే గలతీయులకు రాసిన పత్రిక. ఆరే అధ్యాయాలు. పౌలు ఉత్తరాల్లో మామూలుగా మొదట్లో కనిపించే కృతజ్ఞతలు కూడా ఇందులో లేవు. నేరుగా మందలింపుతోనే మొదలవుతుంది.

ధర్మశాస్త్రం చెడ్డదని పౌలు అనలేదు. దాన్ని ఒక మనిషితో పోల్చాడు. మన తెలుగు బైబిల్లో ఆ మాట 'బాలశిక్షకుడు'. పెద్ద బాలశిక్ష గుర్తొచ్చి మనం టీచర్ అనుకుంటాం. గ్రీకు మాట 'పైదగోగోస్'కి అర్థం వేరు. ఆ రోజుల్లో ఉన్నవాళ్ల ఇళ్లలో పిల్లాడిని బడికి తీసుకెళ్లి, తీసుకొచ్చి, దారిలో అల్లరి చెయ్యకుండా కాపలా కాసే బానిస అతను. పిల్లాడికి అతను అవసరమే. కానీ పెద్దయ్యాక అతని వెంట నడవక్కర్లేదు. మన బ్రాంచి భాషలో ఇంకో పోలిక చెప్తాను. కంపైలర్ ఎర్రర్ ఎక్కడుందో చూపిస్తుంది, కోడ్ మాత్రం సరిచేయదు. రోమా పత్రికలో ధర్మశాస్త్రం గురించి పౌలు చెప్పేది దీనికి దగ్గరగా ఉంటుంది: తప్పు తప్పని తెలుస్తుంది, మారే శక్తి మాత్రం దాని నుంచి రాదు.

ఇక నాకు బాగా నచ్చిన చిక్కు. తీతు గ్రీకువాడు. పౌలు అతన్ని యెరూషలేము తీసుకెళ్లినప్పుడు సున్నతి చేయించాలని ఒత్తిడి వచ్చింది. పౌలు అస్సలు ఒప్పుకోలేదు. తిమోతి తల్లి యూదురాలు, తండ్రి గ్రీకువాడు. అతనికి పౌలే సున్నతి చేయించాడని అపొస్తలుల కార్యములు 16వ అధ్యాయం చెప్తుంది. ఒకరికి వద్దని, ఇంకొకరికి చేయించడం ఏంటి? మాట మార్చడం కాదా?

కాదనే నా వాదన. తీతు విషయంలో సున్నతి లోపలికి రావడానికి టికెట్ అయింది. అది లేకపోతే నువ్వు మాలో సగమే అన్నారు. అక్కడ ఒప్పుకుంటే కృప అన్న మాటకి అర్థం ఉండదు. తిమోతి విషయంలో అలాంటి షరతు లేదు. ఆ ప్రాంతపు యూదుల మధ్య పని చెయ్యాలి, వాళ్లకి అభ్యంతరం కాకూడదు, అంతే. చేసిన పని ఒకటే అయినా, ఒకచోట అది షరతు, ఇంకోచోట ఇంకొకళ్ల కోసం సర్దుబాటు.

అంతియొకయలో జరిగింది చూస్తే ఇది ఇంకా స్పష్టం. పేతురు అక్కడ యూదేతరులతో కలిసి భోంచేసేవాడు. యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి వేరే కూర్చున్నాడు. పౌలు అందరి ముందే నిలదీశాడు. సహపంక్తి భోజనం అనే మాట ఎందుకు పుట్టిందో తెలిసిన మనకి, పంక్తిలోంచి లేచి వెళ్లడం ఎంత పెద్ద మాటో వేరే చెప్పాలా?

అదే పౌలు కొరింథువాళ్లకి ఇంకోలా రాశాడు. విగ్రహాలకి అర్పించిన మాంసం తినొచ్చా అని వాళ్ల ప్రశ్న. గుడి విందులో కూర్చోవద్దన్నాడు. బజారులో అమ్మేది అడక్కుండా తినమన్నాడు. కానీ నీ తిండి చూసి మనస్సాక్షి బలహీనంగా ఉన్న తోటివాడు పడిపోయేలా ఉంటే మానేయమన్నాడు, తానైతే మాంసమే ముట్టనన్నాడు. హక్కు ఉంది, వాడుకోను అంటున్నాడు.

మన హాస్టల్లో వినాయక చవితి ప్రసాదం దగ్గర ఈ అధ్యాయాలే బతికి ఉన్నాయి. క్రైస్తవుల్లో తీసుకునేవాళ్లున్నారు, వద్దనేవాళ్లున్నారు. నేను చర్చికెళ్లే ఇంట్లో పెరిగాను కాబట్టి రెండు వైపుల మాటలూ వింటుంటాను. వద్దన్నవాడు తిన్నవాడిని "నువ్వు విశ్వాసివేనా?" అంటాడు. తిన్నవాడు వద్దన్నవాడిని "ఇంకా ఏ కాలంలో ఉన్నావ్?" అంటాడు. ఎవరు కరెక్టో తేల్చే ముందు ఒకటి గమనించాలి: ఇద్దరూ ఆ లడ్డూని టికెట్‌గా మార్చేశారు. పౌలు భయపడింది దీనికే.

1520లో మార్టిన్ లూథర్ క్రైస్తవ స్వేచ్ఛ మీద ఓ చిన్న పుస్తకం రాశాడు. విశ్వాసి ఎవరికీ లోబడినవాడు కాదు, అదే సమయంలో అందరికీ సేవకుడు అన్నది అందులో వాదన. వినడానికి తిరకాసుగా ఉంటుంది గానీ, తీతు, తిమోతి ఇద్దర్నీ పక్కపక్కన పెడితే అర్థమవుతుంది.

కాబట్టి మొదటి ప్రశ్నకి జవాబు: కృప ఉంది కదా అని ఎలా పడితే అలా బతకడం పౌలు చెప్పిన స్వేచ్ఛ కాదు. దేవుడి దగ్గర మార్కులు సంపాదించే పని తప్పింది కాబట్టి, ఆ తీరిక పక్కవాడి కోసం వాడమన్నాడు. రూల్‌బుక్ పాటించడం కన్నా ఇది తేలికని మాత్రం నాకు అనిపించట్లేదు. రూల్‌బుక్‌లో పేజీ అయిపోతుంది. పక్కవాడి అవసరం రోజూ మారుతుంది.