గ్యాసును పోనివ్వని పాత్ర

బీరును ఒకే ప్రెషర్ పాత్రలో పులియబెట్టి, ఆ పాత్రకే కుళాయి తగిలించి గ్లాసులోకి పట్టుకుంటారట. పుదుచ్చేరి లాంటి ఉక్కపోత ఊళ్లో అది కుదిరే పనేనా?

కుదురుతుంది. చలి దేశాల్లో కంటే వేడి ఊళ్లలోనే ఈ పద్ధతికి ఎక్కువ పని ఉంది. అయితే ముందు చట్టం సంగతి తేల్చుకోవాలి. యానాం నుంచి ఉద్యోగరీత్యా పుదుచ్చేరి పట్టణానికి వచ్చినవాళ్లు మొదట గమనించేది ఇక్కడి మద్యం దుకాణాల సంఖ్యనే. సారాయి దుకాణాలకూ కల్లు దుకాణాలకూ ప్రభుత్వ అనుమతి ఉంది. పక్కనే తమిళనాడులో కల్లు మీద 1987 నుంచి నిషేధం. ఇదంతా చూసి ఈ ఊళ్లో ఏం చేసినా చెల్లుతుందనుకుంటారు. చెల్లదు. 1970 నాటి పుదుచ్చేరి ఎక్సైజ్ చట్టం కింద మద్యం తయారీకి లైసెన్సు ఉండాలి. సొంతానికే కదా అనుకుని పొయ్యి మీద మాల్ట్ ఎక్కించకండి.

ఇంట్లో బీరు కాచుకోవడాన్ని బ్రిటన్ 1963లో, అమెరికా 1978లో తెచ్చిన చట్టంతో లైసెన్సు లేకుండా అనుమతించాయి. ఈ పద్ధతికి పదును పెట్టింది అలాంటి దేశాల్లోని ఇంటి తయారీదారులే. అక్కడ స్థిరపడిన మన తెలుగువాళ్ల గ్యారేజీల్లో ఈ పాత్ర కనిపిస్తే ఆశ్చర్యం లేదు. ఇక్కడ మాత్రం అది లైసెన్సున్న మైక్రోబ్రూవరీల పని. కింద చెప్పేది అది ఎలా పనిచేస్తుందో అర్థం చేసుకోవడానికి, లేదా చట్టం ఒప్పుకునే చోట చేసుకోవడానికి.

రెండు మూడు పాత్రలు వాడేవాళ్లు ఉండగా ఒక్కదానితోనే ఎందుకు సరిపెట్టాలి?

కల్లు గీసేవారిని చూడండి. చెట్టుకు కట్టిన లొట్టిలోనే గీత నీరు పులియడం మొదలవుతుంది. దించాక కూడా వేరే పాత్రలో పులియబెట్టేదేమీ లేదు, వంచి పోయడమే. కాబట్టి ఒకే పాత్ర ఆలోచన మనకు కొత్త కాదు. కొత్తదల్లా మూత. లొట్టి నోరు తెరిచి ఉంటుంది, ఈస్టు పుట్టించిన బొగ్గుపులుసు వాయువు గాలిలో కలిసిపోతుంది, దాని చోట గాలి చేరుతుంది. గాలిలోని ఆక్సిజన్‌తో ఆల్కహాలును పులుపుగా మార్చే బ్యాక్టీరియాకు పండగ. పొద్దున తియ్యగా ఉన్న కల్లు సాయంత్రానికి ఘాటెక్కి, మర్నాటికి పులిసి నోట పెట్టుకోలేనంత కావడానికి పెద్ద కారణం అదే.

బీరుకు మరో బెడద కూడా ఉంది. పులిసిన తర్వాత ఆక్సిజన్ తగిలితే బ్యాక్టీరియా లేకపోయినా రుచి చెడుతుంది. బీరుకు చేదు ఇచ్చే హాప్స్ పువ్వుల వాసన ముందు పోతుంది, రంగు ముదురుతుంది, కొన్నాళ్లకు తడిసిన అట్టముక్క వాసన వస్తుంది. మామూలు పద్ధతిలో బకెట్‌లో పులియబెట్టి, గొట్టంతో ఇంకో పాత్రలోకి లాగి, మళ్లీ సీసాల్లోకి పడతారు. ప్రతి మార్పిడిలోనూ గాలి తగులుతుంది, ప్రతి గొట్టాన్నీ కడగాలి, క్రిములు లేకుండా చేయాలి. ఒకే పాత్ర అయితే ఈస్టు వేసి మూత బిగించిన రోజు నుంచి చివరి గ్లాసు దాకా లోపల బీరుకు గాలి మొహం తెలియదు. బద్ధకస్తుల పద్ధతి అని కొందరు వెక్కిరిస్తారు. ఆ బద్ధకం వల్ల బీరు బాగుపడుతుంటే నాకేమీ అభ్యంతరం కనిపించదు.

లోపల ప్రెషర్ ఎక్కడి నుంచి వస్తుంది? ఎంత వస్తుంది?

ఈస్టు చక్కెర తిని ఆల్కహాలునూ బొగ్గుపులుసు వాయువునూ దాదాపు సమానమైన బరువుల్లో వదులుతుంది. మామూలు బలమున్న బీరు తీసుకుందాం. ఒక లీటరు మాల్ట్ ద్రవంలో పులిసే చక్కెర సుమారు 80 గ్రాములు. అందులోంచి 37, 38 గ్రాముల వాయువు పుడుతుంది. 15 లీటర్లకు అది అర కిలో పైమాటే. మామూలు గాలి పీడనం దగ్గర 300 లీటర్లకు మించిన గ్యాసు. బీరు నురగలు కక్కడానికి కావలసింది లీటరుకు 5 గ్రాములు. అంటే పుట్టినదాంట్లో ఏడోవంతు ఉంచుకుంటే చాలు, మిగతాది బయటికి పంపించాలి.

పంపించకపోతే? 19 లీటర్ల కెగ్‌లో 15 లీటర్లు పోసి వేసవి గదిలో గట్టిగా మూసేస్తే, లెక్క ప్రకారం పీడనం 20 బార్ దాటాలి. (బార్ అంటే ఇక్కడ పీడనం కొలిచే బార్. మన చుట్టూ ఉన్న గాలి పీడనం సుమారు ఒక బార్.) శీతల పానీయాల పరిశ్రమ వాడిన స్టీలు కెగ్‌ల మీద సాధారణంగా 9 బార్ పరిమితి ముద్రించి ఉంటుంది. ప్లాస్టిక్ ప్రెషర్ పాత్రలు రెండు, రెండున్నర బార్ దగ్గరే ఆగాలి. అందుకే ఈ పద్ధతిలో అసలు పనిముట్టు పాత్ర కాదు, దాని నెత్తిన ఉండే స్పండింగ్ వాల్వ్. కుక్కర్ విజిల్ చేసే పనే ఇదీ చేస్తుంది. పెట్టిన హద్దు దాటిన గ్యాసును వదిలేసి, హద్దులోపలిదాన్ని పట్టి ఉంచుతుంది. తేడా ఏమిటంటే కుక్కర్ బరువు ఒక బార్ దగ్గర స్థిరంగా ఉంటుంది, ఈ వాల్వ్‌ను స్క్రూ తిప్పి ఎక్కడంటే అక్కడ పెట్టుకోవచ్చు, పక్కన గేజ్ కూడా ఉంటుంది. జర్మనీ బ్రూవర్లు బీరు పూర్తిగా పులియకముందే పీపాకు బిరడా బిగించి దాని గ్యాసు దానికే పట్టించడం ఎప్పటి నుంచో చేస్తున్నారు. వాల్వ్ ఆ పనిని కొలతలోకి తెచ్చింది.

వేడి ఊళ్లకు ఇది ఎక్కువ పనికొస్తుందన్నారు. ఎందుకు?

ఈస్టుకు వేడెక్కువైతే తొందర ఎక్కువ. తొందరలో అది ఆల్కహాలుతోపాటు ఎస్టర్లనే పండ్ల వాసన పదార్థాలను, ఘాటు ఆల్కహాళ్లను ఎక్కువగా వదులుతుంది. మగ్గిన అరటిపండు వాసన కొడుతున్న బీరు ఎప్పుడైనా తాగి ఉంటే అది ఐసోఅమైల్ అసిటేట్ అనే ఎస్టర్ పని. గోధుమ బీరులో అది అందం, చల్లగా పులియబెట్టే లాగర్ బీరులో తప్పు. లాగర్ ఈస్టును మామూలుగా 9 నుంచి 13 డిగ్రీల మధ్య పులియబెడతారు. పుదుచ్చేరిలో మార్గశిర మాసపు తెల్లవారుజామున కూడా అంత చలి ఉండదు. ఎండాకాలం పగళ్లు 37, 38 డిగ్రీలు దాటతాయి, సముద్రపు గాలి వల్ల రాత్రి కూడా గది చల్లబడదు. పైగా పులిసే ద్రవం తనంతట తాను వేడి పుట్టిస్తుంది. గదిలో 30 ఉంటే పాత్ర మధ్యలో అంతకు మించే ఉంటుంది.

ఇక్కడే పీడనం ఆదుకుంటుంది. ఈ సంగతి పెద్ద బ్రూవరీల్లోనూ అనుభవానికి వచ్చింది. పదిహేను మీటర్ల ఎత్తున్న ట్యాంకులు కట్టినప్పుడు అదే ఈస్టు, అదే మాల్టుతో పొట్టి ట్యాంకు బీరు కంటే ఎస్టర్లు తక్కువ వచ్చాయి. అంత ఎత్తున ద్రవం నిలిస్తే అడుగున ఒకటిన్నర బార్ అదనపు పీడనం ఉంటుంది, అక్కడ బొగ్గుపులుసు వాయువు ఎక్కువగా కరిగి ఉంటుంది. చక్కెరను విరిచే క్రమంలో ఈస్టు కణం ఈ వాయువును బయటికి తోయాలి. చుట్టూ అప్పటికే అది నిండి ఉంటే ఆ మెట్లన్నీ నెమ్మదిస్తాయి, కణాల పెరుగుదల తగ్గుతుంది, ఎస్టర్లు కట్టడానికి కావలసిన ముడిసరుకూ తగ్గుతుంది. ఈస్టును ఆపుతున్నది పిండేసే బలం కాదు, కరిగి ఉన్న గ్యాసు.

ఒక బార్ దగ్గర పట్టి ఉంచితే లాగర్ ఈస్టును 18, 20 డిగ్రీల్లో పులియబెట్టినా శుభ్రమైన రుచి వస్తుంది. ఇంకా పెంచితే ఇంకా మంచిదనుకోకండి. రెండు బార్ దాటి ముందునుంచే బిగిస్తే ఈస్టు అలిసిపోతుంది, పులియడం సగంలో ఆగుతుంది. పుదుచ్చేరి గది ఉష్ణోగ్రతలో వదిలేస్తే ఎంత పీడనమూ లాగర్‌ను కాపాడలేదు. పాత ఫ్రిజ్‌కు థర్మోస్టాట్ తగిలించి 20 డిగ్రీల దగ్గర నిలపాలి. 10 దగ్గర నిలపడం కంటే కరెంటు ఖర్చు ఎంత తక్కువో లెక్క చెప్పనక్కర్లేదు. ఫ్రిజ్ కూడా వద్దంటే నార్వే పల్లెల్లో తరతరాలుగా ఎండబెట్టి దాచుకుంటూ వచ్చిన క్వైక్ ఈస్టు ఉంది. అది 30 నుంచి 40 డిగ్రీల మధ్యే హాయిగా పనిచేస్తుంది. మంచు దేశపు ఈస్టు మన కోస్తా ఎండకు సరిపోవడం తమాషాగానే ఉంటుంది. వాళ్లు మాల్ట్ ద్రవం గోరువెచ్చగా ఉండగానే ఈస్టు చల్లేవారు, ఆ వేడికి తట్టుకున్నదే వంశం నిలబెట్టుకుంది.

పని వరస ఏమిటి?

మాల్ట్ ద్రవాన్ని హాప్స్‌తో మరిగించి చల్లార్చాక పాత్రలో పోస్తారు. నిండా పోయరు, అయిదో వంతైనా ఖాళీ ఉంచుతారు. నురుగు పైకి పొంగి వాల్వ్‌లో దూరితే అది మూసుకుపోతుంది, తర్వాత గేజ్ చూపించేది అబద్ధం. ఈ ఒక్క జాగ్రత్త విషయంలో పిసినారితనం పనికిరాదు. ఈస్టు వేసేముందు ద్రవాన్ని గిలక్కొట్టి గాలి పట్టిస్తారు, ఎందుకంటే మొదటి రోజు కణాలు పెరగడానికి ఆక్సిజన్ కావాలి. ఆక్సిజన్ మేలు చేసేది ఆ ఒక్కరోజే.

ఆ రోజు వాల్వ్ వదులుగా ఉంచి, పులియడం ఊపందుకున్నాక ఒక బార్‌కు బిగిస్తారు. చక్కెర అడుగంటుతున్న దశలో రెండు బార్ దాకా పెంచుతారు. 20 డిగ్రీల్లో సరిపడా గ్యాసు కరగాలంటే అంత అవసరం, అప్పటికి ఈస్టు పెరుగుదల ముగిసి ఉంటుంది కాబట్టి హాని తక్కువ. పులియడం ఆగాక మరో రెండు రోజులు అదే వేడిలో ఉంచితే, వెన్న వాసన తెచ్చే డయాసిటైల్‌ను ఈస్టే తినేస్తుంది. ఆపైన ఫ్రిజ్‌ను 4 డిగ్రీలకు దించుతారు. గేజ్ దిగుతూ వచ్చి 0.8 బార్ దగ్గర నిలుస్తుంది. కారిపోతున్నదని కంగారుపడనక్కర్లేదు, చల్లని ద్రవం ఎక్కువ గ్యాసును కరిగించుకుంటుంది.

బీరును పైనుంచి తీస్తారు. మడ్డి అడుక్కు దిగుతుంది కాబట్టి, సిలికాన్ గొట్టం చివర చిన్న స్టీలు బంతి కట్టి తేలనిస్తారు. గొట్టం మూతి ఎప్పుడూ పైపొర కిందే ఉంటుంది, అక్కడి బీరు ముందు తేరుకుంటుంది. బంతి లేకుండా పాత కెగ్ అడుగు గొట్టాన్నే ఒక అంగుళం కోసి వాడేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మొదటి గ్లాసు మురికిగా వస్తుంది, ఒంపేయాలి.

పట్టుకునేటప్పుడు అంతా నురుగే వస్తుందంటారు, ఎందుకు?

ఎక్కువసార్లు తప్పు బీరుది కాదు, గొట్టానిది. 0.8 బార్ దగ్గర ఉన్న బీరు ఒక్కసారిగా గాలి పీడనంలోకి దూకితే కరిగిన గ్యాసంతా విడిపోతుంది. మధ్యలో రెండు మూడు మీటర్ల సన్నని గొట్టం ఉంటే రాపిడితో పీడనం మెల్లగా తగ్గి బీరు నింపాదిగా దిగుతుంది. ఇంకో కారణం వేడి. కెగ్ ఫ్రిజ్‌లో, కుళాయి బయట వసారాలో ఉంటే, పుదుచ్చేరి మధ్యాహ్నానికి ఆ ఇత్తడి ముక్క వేడెక్కి తగిలిన బీరునల్లా నురుగు చేస్తుంది.

గ్లాసులు పట్టుకునేకొద్దీ పాత్రలో ఖాళీ పెరిగి పీడనం పడిపోతుంది. దాన్ని నిలబెట్టడానికి బయటి సిలిండర్ కావాలి, 15 లీటర్లు ఖాళీ చేయడానికి 50 గ్రాములు చాలు. ఆ గ్యాసు ఆహారానికి వాడే రకమై ఉండాలి, అగ్నిమాపక సిలిండర్ నుంచి పట్టేది కాదు.

మరి లోపాలు?

ఉన్నాయి. బ్రూవరీ ట్యాంకు అడుగు శంఖువులా ఉంటుంది. 20వ శతాబ్దం తొలినాళ్లలో లియోపోల్డ్ నాథన్ పేటెంట్ తీసుకున్న ఆకారం అది. ఈస్టు ఆ మొనలోకి జారితే కింది వాల్వ్ తిప్పి తీసేస్తారు. ఇంటి కెగ్‌లో ఆ సౌకర్యం లేదు, బీరు చివరిదాకా తన మడ్డి మీదే కూర్చుంటుంది. చల్లగా ఉంటే కొన్ని వారాలు ఫరవాలేదు. కరెంటు పోయి వేడెక్కితే చచ్చిన ఈస్టు కణాలు పగిలి మాంసపు రసం లాంటి వాసన దిగుతుంది. కెగ్‌ను కదిపితే మడ్డి లేస్తుంది, అందుకని పులియబెట్టిన చోటే తాగాలి, స్నేహితుడింటికి మోసుకెళ్లడానికి లేదు. తాగడం అయ్యేదాకా రెండో విడత పులియబెట్టడానికి పాత్ర ఖాళీ ఉండదు. మధ్యలో హాప్స్ వేయాలని ప్రెషర్‌లో ఉన్న మూత తీస్తే గది పైకప్పు కడుక్కోవాలి. ఏ కారణానికైనా మూత తీసేముందు వాల్వ్ ద్వారా గేజ్ సున్నాకు వచ్చేదాకా గ్యాసు వదలడం తప్పనిసరి.

ఆల్కహాలు లేకుండా, లైసెన్సు గొడవ లేకుండా ఈ పాత్రతో ఏమైనా చేసుకోవచ్చా?

చేసుకోవచ్చు. ఆ స్టీలు కెగ్ పుట్టిందే శీతల పానీయాల కోసం. పుదుచ్చేరి వాళ్లు నన్నారి అనే మన సుగంధిపాల షర్బత్‌ను నీళ్లూ నిమ్మరసంతో కలిపి కెగ్‌లో పోయండి, ఈస్టు వేయకండి. 4 డిగ్రీలకు చల్లార్చి, సిలిండర్ నుంచి 1.6 బార్ గ్యాసు ఇవ్వండి. సోడాకు బీరు కంటే గ్యాసు ఎక్కువ కావాలి కాబట్టి అంత పీడనం. గొట్టం కూడా ఇంకాస్త పొడవైంది వాడాలి. కదపకుండా ఉంచితే గ్యాసు కరగడానికి వారం పడుతుంది, కెగ్‌ను పడుకోబెట్టి దొర్లిస్తే పావుగంటలో అయిపోతుంది.