హృదయచికిత్సాశాలలో పరిచారికల రక్షణ

హృద్రోగి క్షేమము నడుగువారు పెక్కురు. ఆతని ప్రక్కన నిలిచి పనిచేయు పరిచారికల క్షేమము నడుగువా రరుదు. మా ఆమడగూరునకు చేరువనే పుట్టపర్తియందు 1991 నవంబరు 22వ తేదీన శ్రీ సత్యసాయి ఉన్నత వైద్యశాల ప్రారంభమైనది. అందు హృద్రోగులకు ఉచితముగా చికిత్స చేయుచున్నారు. ఇట్టి వైద్యశాలలలో కొలువు గోరు మన బాలికలును, వారి తల్లులును ఎఱుగవలసిన సంగతులు కొన్ని కలవు.

మణికట్టునుండి గాని తొడనుండి గాని సన్నని గొట్టమును రక్తనాళముద్వారా గుండెకు బంపి, ఎక్స్‌రే కిరణములతో దాని జాడను తెరపై జూచుచు, వైద్యులు పూడుకొన్న నాళములను తెఱచుచున్నారు. ఆ కిరణములు రోగిదేహమును దాకి నలుదెసల చెదరును. పరిచారికలకు ముఖ్యముగా భయ మీ చెదరిన కిరణములవలననే. అవి కంటికి గానరావు, ఒంటికి దెలియవు. ఏండ్లతరబడి సోకినచో కంట శుక్లములు గలుగవచ్చును. క్యాన్సరు భయము కొంత పెరుగును. 1895లో రంట్‌జెన్ పండితుడు వీనిని గనుగొని తన భార్య చేతియెముకలను చిత్రింపగా లోకము వింతపడెను. ఎడిసన్ వద్ద వీనితో పనిచేసిన క్లారెన్స్ డాలీ 1904లో వీనివలననే మరణించెను.

రక్షణోపాయములు మూడు: కాలము, దూరము, అడ్డు. అక్కఱకు మించి యంత్రము నడుపరాదు. దూరము రెట్టింపైనచో సోకు కిరణములు ఇంచుమించు నాలుగవవంతగును. కావున పనిలేనివేళ రెండడుగులు వెనుకకు నిలుచుట మేలు. సీసపు అంగీ, మెడపట్టీ, సీసపుటద్దాలు ధరింపవలయును. వీపు త్రిప్పి తిరుగువారికి చుట్టు గప్పు అంగీయే తగును. పట్టుచీర మడతలయొద్ద చివికినట్లే ఈ అంగీయు మడిచిన బీటలు వాఱును. దానిని తగిలించి యుంచవలెను.

అంగీలోపల ఱొమ్మున ధరించు బిళ్ల, సోకిన కిరణముల లెక్క దెలుపును. మన దేశమున అయిదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులును, ఏ యొక్క యేటను 30యును మించరాదని నియమము. బిళ్లను పెట్టెలో దాచి పనిచేయుట తన్ను దాను వంచించుకొనుటయే.

మఱియొక మాట. మన యిండ్లలో గర్భవార్తను మూడవమాసము వఱకు గుట్టుగా నుంచుట వాడుక. ఈ కొలువునం దా గుట్టు తగదు. తొలిమాసములే శిశువునకు మిక్కిలి సుకుమారమైనవి. వార్త దెలిపిన పిమ్మట గర్భస్థశిశువునకు 1 మిల్లీసీవర్టు మించి సోకనీయరాదని అంతర్జాతీయ ప్రమాణము. తెలిపిననే గదా అధికారులు పని మార్చగలరు! కావున అత్తలార, అమ్మలార! కోడలిని, కూతురిని ఈ విషయమున మౌనము వహింపుమని నిర్బంధింపకుడు. పరుల గుండెలను గాచు చేతులను గాచుకొనుటయు ధర్మమే.