పైరు ఛాయాచిత్రాల విశ్లేషణ: రా ఫైళ్లకు సాఫ్ట్‌వేర్ ఎంపిక

నత్రజని మోతాదులను బట్టి వరి ఆకుల పచ్చదనంలో కలిగే భేదాన్ని ఛాయాచిత్రాలతో కొలిచే పరిశోధనలలో కెమెరా ఎంత ముఖ్యమో, రా ఫైలును చిత్రంగా మార్చే సాఫ్ట్‌వేర్ కూడా అంతే ముఖ్యం. సెన్సారు నమోదు చేసిన మూల దత్తాంశమే రా ఫైలు. జేపెగ్ చిత్రంలో ఒక్కొక్క వర్ణానికి 256 స్థాయిలే ఉండగా, 14 బిట్ల రా ఫైలులో 16,384 స్థాయిలకు అవకాశం ఉంటుంది.

అయితే చిత్రం కంటికి ఇంపుగా ఉండేందుకు పలు సాఫ్ట్‌వేర్లు కాంతిని, వర్ణాలను తమంతట తామే సవరిస్తాయి. ఈ సవరణ చిత్రానికొక తీరుగా జరిగితే, నత్రజని లోపంతో పాలిపోయిన ఆకు సైతం పచ్చగా కనిపించి, మడుల మధ్య నిజమైన భేదం మరుగున పడుతుంది.

కావున స్వయంచాలక సవరణలను నిలిపివేసే వీలున్నదీ, 16 బిట్ల టిఫ్ ఫైలును ఇచ్చేదీ, ఒకే అమరికను అన్ని చిత్రాలకూ వర్తింపజేయగలదీ ఎంచుకోవాలి. ఉచితంగా లభించే రాథెరపీ, డార్క్‌టేబుల్ ఈ అవసరాలను తీరుస్తాయి. ప్రతి మడి చిత్రంలోనూ గ్రే కార్డును చేర్చి, దాని ఆధారంగానే వైట్ బ్యాలెన్స్‌ను సరిచేయాలి. మూల ఫైళ్లను భద్రపరచి, సాఫ్ట్‌వేర్ వెర్షన్‌ను, అమరికలను పరిశోధనా పద్ధతులలో పేర్కొనాలి. అవి లేనిచో ఫలితాలను ఇతరులు సరిచూడడం సాధ్యం కాదు.