కానరాని సర్వరు



మా తాతగారు స్వహస్తముతో వ్రాసిన చెరువునీటి వాటాల లెక్కపుస్తకమును చెదలు తినివేసినవి. అంతకుముందే తీసియుంచిన ఫోటోలు మాత్రము మా యింటి నెట్‌వర్క్ స్టోరేజి సర్వరులో నున్నవి. అది డిస్కులు గల చిన్న పెట్టె. ఇంటి కంప్యూటర్లన్నియు రౌటరు ద్వారా దానిని చేరును.

ఒకనాడు కరెంటు పోయి వచ్చిన పిదప కంప్యూటరునకు సర్వరు కానరాలేదు. మా తల్లిగారు కంటతడి పెట్టిరి. మా చిన్నవాడు డిస్కులను ఫార్మాటు చేయబోగా వారించితిని. తలుపు తెరచుకొననంత మాత్రమున గాదెలోని ధాన్యము పోవునా?

తీగ సరిగానే యుండెను, దీపము వెలుగుచుండెను. రౌటరు పేజీ తెరువగా గుట్టు బయటపడెను. రౌటరు ప్రతి యంత్రమునకు నొక సంఖ్యను చిరునామాగా నిచ్చును. అది శాశ్వతము కాదు. మునుపు 192.168.1.20 గా నున్నది 192.168.1.34 అయినది. కంప్యూటరు ఖాళీచేసిన యింటి తలుపు తట్టుచుండెను! క్రొత్త సంఖ్య నిచ్చినంతనే లెక్కలు కానవచ్చినవి. పిమ్మట ఆ సంఖ్యను సర్వరునకే కేటాయించి యుంచుమని రౌటరులో వ్రాసితిని.

చిరునామా సరియైనను కొన్ని పాతపెట్టెలు పలుకవు. అవి ఎస్.ఎం.బి. మొదటి కూర్పు అను పాతభాషనే యెరుగును. 2017లో వానాక్రై యను చెడుప్రోగ్రాము ఆ భాషను నడుపు విండోస్ సాఫ్ట్‌వేరులోని లోపము గుండా పెక్కుదేశములకు ప్రాకెను. ఆ యేటి చివర వచ్చిన విండోస్ 10 కూర్పు మొదలు దానిని మామూలుగా అమర్చుట మానిరి. అట్టిచో పెట్టె సాఫ్ట్‌వేరును మార్చవలెను గాని, పాతభాషను మరల తెరువరాదు.

నాటి సాయంకాలమే లెక్కల రెండవ ప్రతిని వేరొక డిస్కునకెక్కించి మా చెల్లెలి యింట నుంచితిని.